డెబ్బై రెండో వరుస

గద్వాల కోట వెనక సందులో మునవ్వర్ దుకాణం ఉంది. బోర్డు లేదు. బాగైపోయిన మిషన్ మళ్లీ అదే రోగంతో ఆ గడప తొక్కిన దాఖలా లేదని ఊళ్లో చెప్పుకుంటారు. మునవ్వర్ మాత్రం ఆ మాట ఎప్పుడూ నోటితో అనలేదు. ఎవరైనా మిషన్ బల్ల మీద పెట్టి దాని కష్టాలన్నీ చెప్పబోతే, చేత్తో ఆపి "చూస్త" అంటాడు. అంతే. చూశాకే మాట్లాడతాడు.

పదో తరగతి తప్పిన ఏడాది మేనమామ దగ్గర టైపు మిషన్లు విప్పడంతో ఆయన చదువు మొదలైంది. తర్వాత మండలాఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి, వాటితోపాటు చుక్కలు గుద్దుకుంటూ అక్షరాలు రాసే పెద్ద ప్రింటర్లు వచ్చాయి. వాటిని బాగుచేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. మానవపాడులో పనికిరాదని మూలన పడేసిన ఒకదాన్ని అడిగి తెచ్చుకుని, ఇంట్లో దుప్పటి పరిచి, ఒక్కో మర విప్పుతూ అది ఉన్న చోటును కాగితం మీద గీసుకున్నాడు. మళ్లీ బిగించేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆయన భార్య అజీజున్నీసా ఆ దుప్పటి చుట్టూ తిరిగి వంట చేసింది. ఆ తర్వాత పాతికేళ్లు మునవ్వర్ పనిముట్ల సంచి పట్టుకుని గోపాల్‌పేట, వనపర్తి, బిజినేపల్లి అని బస్సులెక్కుతూనే ఉన్నాడు. ఆ ప్రింటర్లు పోయి కొత్తవి వచ్చాక ఆ పనీ పోయింది. ఇప్పుడు బల్ల మీద మిక్సీలే ఎక్కువ. పాత ప్రింటర్ ఒకటి వస్తే మాత్రం మిక్సీలన్నీ పక్కకు జరుగుతాయి.

కిందటి ఎండాకాలం వెంకటమ్మ కూతురు నవనీత అలాంటి ప్రింటర్ కోసమే దుకాణానికి వచ్చింది. చంకలో కొత్త ల్యాప్‌టాప్ ఉంది.

"మామా, నాయన ప్రింటర్ దీంతోని పనిచేస్తలేదు. దాని వైరు దూర్చనీకె దీనికి సందే లేదు."

"పాత కంప్యూటర్ ఏమైంది?"

"నాయన పోయిన మూడు నెలలకు అదీ పోయింది."

నవనీత తండ్రి రామన్న చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. వెంకటమ్మ వాటిని చూసి అట్టలు కొట్టేది. మగ్గం మీద జకార్డు అనే పెట్టె ఉంటుంది. అందులో రంధ్రాలున్న అట్టలు గొలుసులా తిరుగుతాయి. ఒక్కో అట్ట పడుగులో ఏ పోగు లేవాలో చెబుతుంది, దాని వెనకే అడ్డపోగును తీసుకుని నాడె ఒకసారి అటు పోతుంది. అంచు మీద తీగ పాకినా, పిందె వేలాడినా ఆ అట్టల చలవే. పాత కంప్యూటర్‌లో రామన్న గీసిన డిజైన్ ఆ పెద్ద ప్రింటర్ మీద వరసలు వరసలుగా అచ్చయ్యేది. రంధ్రం పడాల్సిన చోట ఇంటూ గుర్తు, వద్దన్న చోట చుక్క. ఒక వరసకు ఒక అట్ట.

వెంకటమ్మ ఆ వరసల్ని లెక్కపెట్టేది కాదు. రెండు అంచుల్లోనూ చిల్లులుండి మడతలు మడతలుగా వచ్చే పొడుగు కాగితాన్ని గోడకు కొట్టిన రెండు మేకులకు చిల్లుల దగ్గర తగిలించి, వరస కింద ఉక్కు బద్ద పెట్టుకునేది. చిల్లుకూ చిల్లుకూ మధ్య సరిగ్గా మూడు వరసలు పడతాయి. మూడు అట్టలు కొట్టగానే కాగితాన్ని ఒక చిల్లు పైకి జరిపేది. నలభై ఏళ్ల చేయి అది. పక్కింటావిడతో మాట్లాడుతున్నా, పొయ్యి మీద పప్పు పొంగుతున్నా, చిల్లు తప్పేది కాదు. కాగితం అయిపోతే అట్టలూ అయిపోయినట్టే. ఎన్ని అని ఆమెను అడిగితే "కాగితం ఎంతుంటే గన్ని" అనేది.

నవనీత ఇప్పుడు తను గీసిన కొత్త డిజైన్‌ను మామూలు చిన్న కాగితాల మీద అచ్చు వేసి, జిగురుతో అతికించి ఇచ్చి చూసింది. వాటికి చిల్లులు లేవు. వెంకటమ్మ ఒక పూట తంటాలు పడి పక్కన పెట్టేసింది.

మునవ్వర్ మర్నాడు వాళ్లింటికి పోయాడు. అక్కడ మహిపాల్ కూడా ఉన్నాడు. నేతగాళ్లకు నూలూ పట్టూ ఇచ్చి చీరలు నేయించుకునే మనిషి. వెంకటమ్మకు పని వచ్చేది ఆయన దగ్గర్నుంచే.

"మునవ్వర్ భాయ్, నువ్వే చెప్పు," అన్నాడు మహిపాల్. "పెన్ డ్రైవ్ ఇస్తే మిషన్ మీద ఒక్క పూటల అట్టలు కొట్టిస్తున్నరు. ఈ డబ్బాను బతికిచ్చుడెందుకు? రామన్న మొఖం చూసి ఆగిన. ఈ ఒక్క డిజైన్ వెంకటమ్మక్క చేతికిస్త. మంచిగొస్తే ఎప్పటిలెక్కనే ఈడనే. లేకుంటే నన్ను అనొద్దు."

"మా అమ్మ చేతి పని ఎప్పుడన్న తిరిగొచ్చిందా?" అంది నవనీత.

"రాలేదమ్మా. అందుకే గద నేను ఇంకా ఈడ కూసున్న."

కిందటేడు వెంకటమ్మకు ఒక కంటి శుక్లం తీశారు. రెండో కన్ను ఇంకా చేయించుకోలేదు. ఆ సంగతి మహిపాల్ మనసులో ఉందని ఆమెకు తెలుసు. ఆయన పోయాక మునవ్వర్ వైపు తిరిగింది.

"అయితదా భాయ్?"

"చూస్త అక్కా."

రెండు రోజులు చూశాడు. పాత లావు వైరుకూ కొత్త ల్యాప్‌టాప్‌కూ మధ్య పెట్టే తోకలాంటి చిన్న వైరు ఒకటి కర్నూలు నుంచి తెప్పించాడు. తోక పెట్టినా ల్యాప్‌టాప్ ఆ ప్రింటర్‌ను గుర్తుపట్టలేదు. దాని పేరు కొత్త జాబితాల్లోంచి ఎప్పుడో తీసేశారు. అదే భాష అర్థమయ్యే వేరే పాత ప్రింటర్ పేరొకటి జాబితాలో వెతికి, ఇది అదేనని ల్యాప్‌టాప్‌ను నమ్మించాడు. మొదటి కాగితం నిండా పిచ్చి గీతలు వచ్చాయి. రెండోది అడ్డంగా సగమే వచ్చింది. ఎండిపోయిన రిబ్బన్‌కు సిరాలో కుట్టుమిషన్ నూనె కలిపి పట్టించాడు. ప్రింటర్ తల మీద దుమ్ము స్పిరిట్‌తో తుడిచాడు. రెండో రోజు మధ్యాహ్నానికి గర్రుగర్రుమంటూ ఇంటూలూ చుక్కలూ వరసగా పడ్డాయి.

నవనీత ముఖం విప్పారింది. వెంకటమ్మ వచ్చి కాగితాన్ని చేత్తో తడిమింది. మొదటి మడత దగ్గర ఆగింది.

"ఈడ ఒక వరస సందుంది భాయ్. గింత ఖాళీ ఉంటే బద్ద జారుతది."

నిజమే. ప్రతి మడత దగ్గరా ఒక వరసంత ఖాళీ ఉంది. మునవ్వర్‌కు అది కొత్త కాదు. ఆఫీసు కాగితాల్లో మడత మీద ఎవరూ అక్షరం పెట్టరు, అక్కడ ఖాళీ వదలడం ఈ ప్రింటర్ల అలవాటు. పేజీ పొడుగును ఒక్క వరస తగ్గించాడు. అంచు దాటుతోంది, అయినా అచ్చు వేయాలా అని తెర మీద ఒక గడి వచ్చి అడిగింది. అలాంటి గడులు ఆయన వేలల్లో చూశాడు. సరే అని నొక్కాడు. ఈసారి సందు లేదు. కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా తీగ ఎక్కడా ఆగకుండా పాకింది. చిల్లుకు మూడు వరసలు.

"ఇప్పుడు సక్కగుంది," అంది వెంకటమ్మ.

మునవ్వర్ ఛాయ్ తాగి ఇంటికి పోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ రాత్రి అజీజున్నీసాతో తన పని గురించి తనే మాట్లాడాడు.

వెంకటమ్మ ఆరు రోజుల్లో అట్టలు కొట్టింది, దారంతో గొలుసు కుట్టింది. ఆ గొలుసును శివకుమార్ అనే నేతగాడి మగ్గానికి ఎక్కించారు. జానెడు నేసేసరికి అతను మగ్గం ఆపాడు. ఏటవాలుగా పాకాల్సిన తీగ మెట్టు తప్పుతోంది. ఒకటి కాదు, అయిదు చోట్ల. ఎవరో తీగను తుంచి కొంచెం జరిపి అతికించినట్టుంది. పట్టు పోగులు కోసి తీసేయాల్సి వచ్చింది. మహిపాల్ ఎవరినీ తిట్టలేదు. గొలుసును గోనెసంచిలో కట్టి వెంకటమ్మ గడపలో పెట్టించాడు. నవనీత దగ్గర పెన్ డ్రైవ్ తీసుకున్నాడు. మిషన్ మీద కొట్టించిన అట్టలు వచ్చాయి, తీగ తెగకుండా పాకింది.

గొలుసును కాగితంతో సరిచూద్దామని ఎవరూ అనలేదు. వెంకటమ్మ కూడా అనలేదు. ఏడాదిగా ఆమె భయపడుతున్నది ఇదే. వచ్చేసిందనుకుంది.

ఈ సంగతి మునవ్వర్‌కు మహిపాలే చెప్పాడు, మిక్సీ ఇవ్వడానికి వచ్చినప్పుడు.

"నువ్వు మంచిగనే చేసిచ్చినవు భాయ్. ఆమెకే కండ్లు ఆనుతలేవు. అయిదు తాన తప్పింది."

"వయసు గద," అన్నాడు మునవ్వర్, మిక్సీ మూత తిప్పుతూ. "ఏం జేస్తం."

ఆ మాట అన్నప్పుడు ఆయనకు బాధే కలిగింది. ఒకసారి పోయి చూసి రావాలనుకున్నాడు. పోతే ఏమనాలో తోచక పోలేదు. వెంకటమ్మ ఇప్పుడు బియ్యంలో రాళ్లు కూడా తను ఏరడం లేదనీ, సూదిలో దారం పక్కింటి పిల్లతో ఎక్కించుకుంటోందనీ, బయటికి పోతే గోడ పట్టుకుని నడుస్తోందనీ అజీజున్నీసా చెప్పింది. నవనీత ఆమెను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయింది. కన్ను అంత అధ్వానంగా ఏం లేదని డాక్టరు అన్నాడు. వెంకటమ్మ నమ్మలేదు.

నెల గడిచింది. బిజినేపల్లి దగ్గర ఒక బడిలో పాత ప్రింటర్‌ను కొత్త ల్యాప్‌టాప్‌కు కలపాలని కబురొచ్చింది. మునవ్వర్ తోక పట్టుకుని బస్సెక్కాడు. ఈసారి గంటలో అయిపోయింది. అవే పనులు, అదే వరసలో. మడత దగ్గర సందు వచ్చింది, పేజీ ఒక వరస తగ్గించాడు, గడి అడిగితే సరే అన్నాడు. పిల్లల పేర్ల జాబితా సందు లేకుండా జాలువారింది. బడిలో రాతకోతలు చూసే మెహజబీన్ దాన్ని చేతిలోకి తీసుకుని నంబర్ల మీద పెన్ను జరుపుతూ పోయింది.

"చాచా, మీ మిషన్ అమూల్యను మింగింది."

"ఎవరిని?"

"ఏడో తరగతి అమూల్యను. డెబ్బై ఒకటి తర్వాత డెబ్బై మూడు వచ్చింది. డెబ్బై రెండేది?" ఇంకో మడత తిప్పింది. "ఈడ నూట నలభై నాలుగు కూడ లేదు. వీడు పోతే పోనీ, బడికి రానే రాడు. అమూల్య దినాం వస్తది."

ఆమె నవ్వింది. మునవ్వర్ నవ్వలేదు. కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు. పేజీకి డెబ్బై రెండు వరసలు. చివరి వరస అంచులో పడుతోందని ల్యాప్‌టాప్ దాన్ని కోసి పారేస్తోంది. మొదట కనబడిన ఖాళీ ఉత్త ఖాళీ కాదు, ఒక వరస పోయిన చోటు. ఆయన ఆ వరసను వెతకలేదు. అది పోయిన జాడను మూసేశాడు. పిల్లల పేర్లకు నంబర్లున్నాయి కాబట్టి దొరికింది. ఇంటూలకూ చుక్కలకూ నంబర్లు లేవు.

"ఏమైంది చాచా? పరేషాన్ గాకుండ్రి, చేత్తో రాసుకుంట."

"చేత్తో రాసుడెందుకు. నేనే సరిజేస్త," అన్నాడు.

సరిచేశాడు. ప్రింటర్ పేరు చెప్పి నమ్మించడం మాని, అక్షరాలను ఉన్నవున్నట్టు నేరుగా ప్రింటర్‌కే పంపే దారి ఒకటుంది. దాని గురించి ఆయనకు ముందే తెలుసు. అందులో పేజీ, అంచు అనే గొడవే ఉండదు. ఆ రోజు వెంకటమ్మ ఇంట్లో అదెందుకు వాడలేదంటే, ముందు పట్టిన దారి పనిచేస్తోందనిపించింది కాబట్టి. డెబ్బై రెండు, నూట నలభై నాలుగు తమ చోట్లలోకి వచ్చి కూర్చున్నాయి.

వనపర్తిలో బస్సు మారాడు. బీచుపల్లి వంతెన మీద కృష్ణలో నీళ్లు సన్నగా ఉన్నాయి. ఇది ఇంకెవరికీ తెలియదన్న ఆలోచన ఆయనకు అక్కడ వచ్చింది. నవనీతకు తెలియదు, మహిపాల్‌కు తెలియదు. పని ఎలాగూ మిషన్‌కు పోయింది, చెప్పినా తిరిగి రాదు. చెప్పకపోతే గద్వాలలో ఆయన పేరు ఇప్పుడున్నట్టే ఉంటుంది. పెబ్బేరులో ఎక్కిన ముసలాయన ఒకరు పక్కన కూర్చుని ఎరువుల గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. మునవ్వర్ ఊఁ కొడుతూనే ఉన్నాడు. వయసు గద, ఏం జేస్తం అని తను అన్న మాట, మిక్సీ మూత తిప్పిన తన చేయి, పదే పదే కళ్లముందుకు వచ్చాయి.

బస్సు దిగి నేరుగా మహిపాల్ దుకాణానికి పోయాడు. నిలబడే చెప్పాడు.

"తప్పు నాది. ఆమెది గాదు. పేజీకొక వరస నేనే పోగొట్టిన."

మహిపాల్ చీర మడతపెట్టడం ఆపి, "కూసో భాయ్," అన్నాడు.

"కూసోను. పని మళ్ల ఆమెకు ఇస్తవా?"

"ఎవరి తప్పయితేంది. ఇప్పుడు ఫోనుల పంపుతున్న, పొద్దూకేవరకు అట్టలొస్తున్నయి. పదకొండు మగ్గాలకు అలవాటైపోయింది." చీర అంచును బొటనవేలితో సరిచేశాడు. "అబద్ధం చెప్ప భాయ్. ఆ తప్పు రాకున్నా ఇంకో రెండు మూడు డిజైన్లు ఆగేటోడిని. గంతే. నువ్వు చెప్పింది మాత్రం ఆమెకు చెప్పు. నాకన్న ఆమెకు చెప్పాలె."

వెంకటమ్మ ఇంట్లో కాగితం తగిలించే మేకులు గోడకు అలాగే ఉన్నాయి. ప్రింటర్ మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె గడపలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు ముఖం కొంచెం పక్కకు తిప్పింది, ఎవరో గుర్తుపట్టడానికి చూపుతో పనిలేనట్టు.

"మునవ్వర్ భాయ్‌వా?"

"నేనే అక్కా."

కింద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, బడిలో అమూల్య పేరు పోయిందని మొదలుపెట్టాడు. డెబ్బై ఒకటి తర్వాత డెబ్బై మూడు వచ్చిన సంగతి చెప్పాడు. లోపల నవనీత ల్యాప్‌టాప్ మీద ఏదో గీస్తున్నది ఆపి వచ్చి నిలబడింది. మునవ్వర్ తల వంచుకుని మిగతాదంతా చెప్పాడు.

వెంకటమ్మ కూతురి వైపు తిరిగి "నవనీతా, ఆ సంచి పట్టుకరా" అంది.

నవనీత గోనెసంచి తెచ్చి గొలుసు కుప్పగా పోసింది. మునవ్వర్ దుప్పటి తీసి ప్రింటర్ ఆన్ చేశాడు. ఈసారి నేరు దారిలో పంపాడు. కాగితం అయిదు మడతలు వచ్చింది. ఆయన వరసలన్నీ ఒకటి నుంచి మూడువందల అరవై దాకా పెన్సిల్‌తో లెక్కపెట్టి, ప్రతి డెబ్బై రెండో వరస పక్కన నంబరు వేశాడు. వెంకటమ్మ కాగితాన్ని మేకులకు తగిలించలేదు. నేల మీద పరిపించి, మొదటి అట్ట నుంచి మొదలుపెట్టి వేలికొనతో రంధ్రాలు తడుముతూ, వరసతో సరిచూసుకుంటూ పోయింది. మునవ్వర్ చదివేవాడు, ఆమె తడిమేది. డెబ్బై ఒకటి అయ్యాక ఆయన "ఇదే" అన్నాడు. ఆమె తర్వాతి అట్ట తడిమింది. అది డెబ్బై మూడోది. మధ్యలో ఏమీ లేదు.

ముందుకు పోయారు. గంటన్నర పట్టింది. మూడువందల యాభై అయిదు అట్టల్లో ఒక్క రంధ్రం తప్పు లేదు. కాగితం ఏం చెబితే చేయి అదే కొట్టింది.

"అమ్మా," అంది నవనీత. దవాఖానకు తీసుకుపోయింది తనే.

"అట్టలు కొట్టే పలక తే," అంది వెంకటమ్మ.

"ఇప్పుడెందుకమ్మా? ఈ డిజైన్ మిషన్ మీద కొట్టిచ్చిండ్రు గద. నేసుడు కూడ అయిపోయింది."

"తప్పుది ఇంట్ల పెట్టుకోను."

అయిదు ఖాళీ అట్టలు తీసుకుంది. పలక ముందు కూర్చుని, ఉక్కు బద్ద డెబ్బై రెండో వరస కింద పెట్టి, రంధ్రాలు కొట్టే ఇనుప పంచు పట్టుకుంది. మొదటి దెబ్బకు ముందు చేయి గాల్లో కాసేపు ఆగింది. నెల రోజులుగా ఆ చేయి ఏదీ సొంతంగా పట్టుకోలేదు. తర్వాత సుత్తి పడింది. టక్, టక్, టక్. మునవ్వర్ ఇంతకుముందు విన్న చప్పుడే, కొంచెం నెమ్మదిగా. ఆమె ఎక్కడా కళ్లు చికిలించలేదు. అయిదు అట్టలు అయ్యాక గొలుసులో దారం అయిదు చోట్ల తెంపి, వాటిని పెట్టి, మళ్లీ కుట్టింది. సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

"మాఫ్ చెయ్యి అక్కా," అన్నాడు మునవ్వర్. "నేను ఒక్క మడత లెక్కపెట్టినా తెలిసేది."

"నేను లెక్కపెట్టినా తెలిసేది. నువ్వు మిషన్‌ను నమ్మినవు, నేను నీ కాగితాన్ని నమ్మిన." దారం పళ్లతో కొరికింది. "నా చేయి తప్పలేదంటున్నవు. మంచిదే. కానీ నెల దినాలు తప్పిందనుకోని బతికిన గద భాయ్. అన్నం పెట్టుకునేటప్పుడు గిన్నె యాడుందో బిడ్డను అడిగిన. కనబడుతుంది నాకు. కనబడుతున్నా అడిగిన. గది ఏడికి పోతది?"

నవనీత గోడవైపు తిరిగింది.

వెంకటమ్మ గొలుసును రెండు చేతులతో ఎత్తి, మగ్గం మీద తిరిగే తీరుగా ఒక్కో అట్టను జారనిచ్చి చూసింది. మూడువందల అరవై అట్టలూ ఎక్కడా తగలకుండా జారాయి. చూడ్డానికి ఏ మగ్గానికైనా ఎక్కించవచ్చు. ఎక్కించేవాళ్లెవరూ లేరు. దాన్ని మడతపెట్టి, వచ్చిన గోనెసంచిలో కాకుండా రామన్న బట్టలుండే రేకుపెట్టెలో పెట్టింది.

ప్రింటర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. దాని ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

"దాన్ని బంద్ చెయ్యి భాయ్," అంది. "ఊకెనే కరెంటు కాలుతుంది."

మునవ్వర్ లేచి బంద్ చేశాడు. వైరు చుట్టి, కర్నూలు నుంచి తెప్పించిన తోకను తన సంచిలో వేసుకోబోయి, వేసుకోకుండా ప్రింటర్ మీదే పెట్టాడు. వెంకటమ్మ అది చూసింది. ఆయన చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి ల్యాప్‌టాప్ మీటల చప్పుడు మళ్లీ మొదలైంది. మహిపాల్ అడిగిన కొత్త అంచు సాయంత్రంలోగా పంపాలి.